హాలోవీన్ హారర్ నైట్‌కి పోతున్నారా? టికెట్ కొనే ముందు ఇది చదవండి

అక్టోబర్‌లో కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో అమెరికా పోయే అమ్మానాన్నలు మా నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు చాలామందే ఉంటారు. అక్కడికి పోయాక ఏదో ఒక శుక్రవారం పిల్లలు “డాడీ, హాలోవీన్ నైట్‌కి టికెట్లు బుక్ చేశాం” అంటారు. హాలోవీన్ అంటే అక్టోబర్ చివర అక్కడ జరుపుకునే దెయ్యాల వేషాల పండగ, దాని పేరు మీద పెద్ద పార్కుల్లో రాత్రిపూట భయపెట్టే షోలు పెడతారు. సరే అని తల ఊపేముందు అదేంటో తెలుసుకోండి. పిల్లలూ, మీరు కూడా చదవండి, ఎందుకంటే టెన్షన్ పడేది మీరే.

నాంపల్లి నుమాయిష్‌లో భూత్ బంగ్లా చూసే ఉంటారు కదా, అలాంటివే, కాకపోతే సినిమా సెట్టింగ్ స్థాయిలో ఒకే పార్కులో పదిదాకా ఉంటాయి. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కు 1973లోనే ఇది మొదలుపెట్టింది, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో యూనివర్సల్ అనే సినిమా కంపెనీ పార్కు వాళ్లు 1991లో. ఓర్లాండోలో ఇప్పుడు ఆగస్టు చివర మొదలై నవంబర్ మొదటిదాకా ఎంపిక చేసిన రాత్రుల్లో నడుస్తోంది. పగలు పార్కుకి కొన్న టికెట్ దీనికి చెల్లదు, రాత్రికి వేరే టికెట్. 80 డాలర్ల పైనే, చిన్నపిల్లలకని తగ్గింపు కూడా లేదు. మన రూపాయల్లోకి మార్చి చూడకండి, నిద్ర పట్టదు.

రోజు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. అక్టోబర్ శనివారాలు అసలు వద్దు, ఒక్కో ఇంటికి (ఆ భూత్ బంగ్లాలనే అక్కడ ఇళ్లు అంటారు) గంట, గంటన్నర లైన్ మామూలే. సెప్టెంబర్‌లో బుధ, గురువారాలు దొరికితే అవే మేలు, టికెట్ రేటు కూడా తక్కువ ఉంటుంది. లైన్ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ ఉంది గానీ చాలా రోజుల్లో దాని ధర టికెట్‌ని మించిపోతుంది, నలుగురి కుటుంబానికి అది కొనేకంటే తొందరగా వెళ్లడం నయం. పగటి టికెట్ కూడా ఉన్నవాళ్లు సాయంత్రం పార్కు మూసినప్పుడు బయటికి రాకుండా లోపలే వాళ్లు చూపించిన చోట ఆగొచ్చు, గేటు బయట జనం లోపలికి వచ్చేలోపే మొదటి రెండు మూడు ఇళ్లు అయిపోతాయి. నన్నడిగితే ఈ ఒక్క పని చేస్తే చాలు, మిగతా రాత్రంతా తాపీగా తిరగొచ్చు. అన్ని ఇళ్లూ చూడాల్సిందే అని పంతం పట్టకండి, ఐదారు చూసి రోడ్ల మీద వేషగాళ్లు తిరిగే చోట కాసేపు నిలబడితే అదే అసలు సరదా, దానికి లైన్ కూడా లేదు.

లోపల భయం ఎలా పుట్టిస్తారో తెలిస్తే సగం భయం పోతుంది, సగం మజా పెరుగుతుంది. ఎదురుగా ఒక బొమ్మో, కదిలే తలుపో, వెలుగో పెట్టి మీ చూపు అటు లాగుతారు, మనిషి వచ్చేది అవతలి పక్క నుంచి. ఒకసారి బయటికి దూకిన మనిషి మళ్లీ వెనక్కి పోయి నక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే ముందువాళ్లని ఆనుకుని నడిస్తే వాళ్ల కేకలు విని జరగబోయేది ముందే తెలిసిపోతుంది. భయపడాలని పోయినవాళ్లు కొంచెం ఎడం ఇచ్చి నడవండి, వద్దనుకునేవాళ్లు ముందువాళ్ల వీపు చూస్తూ పోండి. ఇక గట్టిగా కళ్లు మూసుకుని భుజం పట్టుకుని నడిచేవాళ్లు ఉంటారు, వాళ్లకి టికెట్ డబ్బులు ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.

యూనివర్సల్‌లో వేషగాళ్లు మిమ్మల్ని ముట్టుకోరు, మీరు కూడా వాళ్లని ముట్టుకోవద్దు. ఉలిక్కిపడి చెయ్యి ఎత్తే అలవాటున్న బావమరిదిని మధ్యలో పెట్టండి, కొట్టాడంటే సెక్యూరిటీ వాళ్లు బయటికి పంపిస్తారు, ఆ లొల్లి మీకెందుకు. ఇళ్ల లోపల వీడియోలు తీయనివ్వరు, ఫోన్ జేబులో పెట్టేయండి. మనం వేషం వేసుకుని, మాస్క్ పెట్టుకుని పోతే యూనివర్సల్‌లో గేటు దగ్గరే ఆపేస్తారు.

పెద్దవాళ్ల సంగతి జర ఆలోచించండి. లోపల పొగ నింపుతారు, ఆస్తమా ఉంటే దగ్గు పట్టుకుంటుంది. కళ్లు చెదిరేలా లైట్లు కొట్టుకుంటాయి, ఫిట్స్ ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఇళ్లలోకి పోకుండా ఉండటమే మంచిది. మోకాళ్ల నొప్పులున్న అమ్మని ఐదారు గంటలు నిలబెట్టే బదులు రోడ్ల మీద తిప్పి, ఒక షో చూపించి, ఎక్కడైనా కూర్చోబెట్టండి. షూ వేయించండి, చెప్పులు వద్దు. నవరాత్రుల్లో నియమం పట్టినవాళ్లైతే ఇంట్లో కడుపు నిండా తిని బయల్దేరడమే సుఖం, ఆ హడావిడిలో నీచు లేని తిండి కోసం తిరగడం పెద్ద పరేషాన్.

13 ఏళ్లలోపు పిల్లలకి ఇది సరిపడదని యూనివర్సల్ వాళ్లే చెబుతారు. రక్తం, నరుకుళ్లు, రంపం మిషన్ల చప్పుడు, అన్నీ నిజంగా ఉన్నట్టే ఉంటాయి. మనవడు ఏడెనిమిదేళ్లవాడైతే అదే ఓర్లాండోలో డిస్నీ వాళ్ల పిల్లల హాలోవీన్ పార్టీ ఉంది, వేషాలు వేసుకోవచ్చు, చాక్లెట్లు పంచుతారు, తాతకీ మనవడికీ అదే సరైనది.

అమెరికా దాకా ఎందుకు, ఇక్కడే ఒకసారి చూసుకుందాం అంటారా? రామోజీ ఫిల్మ్ సిటీలో బోరాసుర అని భయపెట్టే నడక ఉంది. పిల్లలకి, పెద్దలకి ఇలాంటివి పడతాయో లేదో అక్కడ తేలిపోతుంది. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే దగ్గర. నల్గొండ వాళ్లకి ఇంకా సులువు, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా నేరుగా పోవడమే. దసరా అయిపోయిన మర్నాడు మాత్రం పెట్టుకోకండి, ఊళ్ల నుంచి హైదరాబాద్ తిరిగి పోయే కార్లన్నీ పంతంగి టోల్ దగ్గరే ఉంటాయి.