పాత కారు సర్వీసు: బెజవాడ ఎండకీ వానకీ సరిపడే లెక్క

పదేళ్ళు దాటిన కారు ఉన్నవాళ్ళని సర్వీసు ఎప్పుడు చేయించారని అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "ఇంకా పది వేలు తిరగలేదండీ." ఈ లెక్క మన ఊళ్ళో పనికిరాదు. పటమట నుంచి బెంజి సర్కిల్, అక్కణ్ణుంచి స్కూలు, మళ్ళీ ఇల్లు, ఇలా రోజుకి ఐదారు కిలోమీటర్లు తిరిగే కారు ఏడాదంతా కలిపినా పెద్దగా తిరగదు, కానీ ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తుంటాం కాబట్టి కాలని పెట్రోలు, తేమ ఆయిల్లోనే ఉండిపోయి దాన్ని పాడుచేస్తాయి. దానికి తోడు మే నెలలో 45 డిగ్రీల ఎండ, లారీలు లేపే దుమ్ము, సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి నడపడం. కారుతో వచ్చిన మాన్యువల్ తీసి చూడండి, సర్వీసు పట్టికలు రెండుంటాయి, ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠినమైన వాడకానికి. మనది రెండోదే. అందులో కిలోమీటర్లతో పాటు నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది పాటించాలి. పాత కారుకి దాదాపు ఎప్పుడూ నెలలే ముందొస్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా, పాత రికార్డు లేదా? అయితే అమ్మినాయన నోటిమాట నమ్మకుండా అన్నీ ఇవాళే మొదలుపెట్టినట్టు లెక్కేసుకోండి. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ ఒకేసారి మార్పించి, తేదీ, కిలోమీటర్లు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఫోన్లో రాసుకున్నా ఫర్వాలేదు గానీ, పుస్తకం ఉంటే మెకానిక్ కూడా చూస్తాడు, రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడికీ నమ్మకం కుదురుతుంది.

ఇక్కడే టైమింగ్ బెల్టు (ఇంజన్లో వాల్వులనీ పిస్టన్లనీ ఒకే తాళంలో నడిపించే పట్టీ) సంగతి కూడా తేల్చుకోవాలి. మారుతి 800, పాత ఆల్టో 800 సీసీ, పాత శాంత్రో లాంటివాటిలో రబ్బరు బెల్టు ఉంటుంది, స్విఫ్ట్ డీజిల్ 1.3 లాంటివాటిలో చైన్ ఉంటుంది. చైన్ అయితే ఆయిల్ టైముకి మారుస్తూ, ఇంజన్ దగ్గర గొలుసు కొట్టుకుంటున్న చప్పుడు వస్తుందేమో గమనిస్తే చాలు. బెల్టు అలా కాదు, తెగేముందు ఏ హెచ్చరికా ఇవ్వదు, తెగిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, ఇక హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, విప్పాల్సిందే. మాన్యువల్లో ఇన్ని కిలోమీటర్లని ఉన్నా, రబ్బరు వయసుతో కూడా పాడవుతుంది. ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్పించండి. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా కలిపి వేయించండి. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి అదీ ఒకసారి చూడమనండి, ఎలాగూ విప్పిన లేబరు ఒక్కటే.

ఇక ఏడాది లెక్క. తేదీలు గుర్తుండవు కాబట్టి నేను పండగలకీ కార్తెలకీ ముడిపెట్టమంటాను: శివరాత్రి, మృగశిర కార్తె, దసరా.

శివరాత్రి వెళ్ళగానే ఎండాకాలానికి సిద్ధం చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం కూలెంట్. మామూలు కూలెంట్ అయితే రెండేళ్ళకోసారి పూర్తిగా తీసేసి కొత్తది పొయ్యాలి. కాస్త తగ్గింది కదా అని బోరు నీళ్ళు పోస్తుంటారు కొందరు, ఆ నీళ్ళలోని ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుని ఏప్రిల్లో సరిగ్గా కాజ టోల్ దగ్గర క్యూలో ఉన్నప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, పచ్చ రంగుదీ ఎర్ర రంగుదీ కలిపెయ్యకూడదు. రేడియేటర్ మూత రబ్బరు, పైపులు, క్లిప్పులు చూడండి. పైపు చేత్తో నొక్కితే కరకరమన్నా, మరీ మెత్తగా ఉబ్బినట్టున్నా మార్చెయ్యాల్సిందే. ఇంజన్ వేడిగా ఉండగా మూత మాత్రం తియ్యొద్దు, ఒళ్ళు కాలిపోతుంది.

ఇంజన్ ఆయిల్ ఐదు వేల కిలోమీటర్లకో ఆర్నెల్లకో మారిస్తే పాత ఇంజన్‌కి మంచిది, సింథటిక్ పోస్తే ఏడాది దాకా లాగొచ్చు. శివరాత్రికి ఒకసారి, దసరాకి ఒకసారి అనుకుంటే సరిపోతుంది. ఎయిర్ ఫిల్టర్‌ని ప్రతి సర్వీసుకీ దులపాలి, వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే కాంతి కనిపించనంత మూసుకుపోయి ఉంటే కొత్తది వెయ్యాలి. ఏసీ చల్లగా రావట్లేదని అందరూ ముందు గ్యాస్ అంటారు గానీ, చాలాసార్లు రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ మీద దుమ్ము, చచ్చిన పురుగులు నిండిపోవడమే కారణం. తక్కువ ప్రెషర్‌తో నీళ్ళు కొట్టించి, లోపల క్యాబిన్ ఫిల్టర్ మార్చాక అప్పుడు గ్యాస్ సంగతి మాట్లాడండి. బ్యాటరీని చలి చంపుతుందంటారు గానీ మన దగ్గర చంపేది ఎండే. మూడేళ్ళు దాటితే ఎండాకాలానికి ముందే మీటరు పెట్టి చూపించుకోండి: ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. రెండో అంకె తక్కువుంటే లోపం బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో వైపు, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా దండగే.

టైర్ల విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది, ఎండాకాలంలో గాలి తగ్గించి కొట్టించాలని. అది తప్పు, ప్రమాదం కూడా. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగి వంగి ఇంకా వేడెక్కుతాయి, హైవే మీద పేలేది అలాంటివే. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుంటే అంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, స్టెప్నీకి కూడా. అలాగే టైరు పక్కన నాలుగు అంకెలు వెతకండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మీద గాడులు బాగున్నా సరే, ఆరేడేళ్ళు దాటి సన్నగా పగుళ్ళు కనిపిస్తుంటే దాన్ని నమ్ముకుని కుటుంబాన్ని ఎక్కించుకోవద్దు.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చేలోపు వైపర్ బ్లేడ్లు మార్చండి, రెండు నెలల ఎండకి అవి ఎండిపోయి ఉంటాయి. లైట్లు, హార్న్, డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు చూసుకోండి. బ్రేకులు మాత్రం చక్రాలు విప్పించి చూడాలి, బయట నుంచి చూసి "బానే ఉన్నాయ్" అంటే ఒప్పుకోవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి కారు తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి. గుంటూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేవాళ్ళకి ఇది ప్రాణం మీది విషయం. ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే తేమ పట్టిన ఆయిల్ మరిగి, పెడల్ మెత్తగా లోపలికి వెళ్ళిపోతుంది. దిగేటప్పుడు రెండో గేరులో దిగడం కూడా సర్వీసంత ముఖ్యం.

వానల్లో ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన కారుని ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దామని ఎవరైనా అంటే ఆపండి. బ్యాటరీ తీగ తీసేసి, టో చేయించి తీసుకెళ్ళి, ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉందేమో చూసి అన్నీ మార్చాకే స్టార్ట్ చెయ్యాలి.

దసరాకి ఆయుధపూజ ఎలాగూ చేస్తాం, షెడ్లు అప్పుడు కిటకిటలాడతాయి కాబట్టి ఒక పది రోజుల ముందే తీసుకెళ్ళండి. ఈసారి ఆయిల్‌తో పాటు ప్లగ్గులు, కింద సస్పెన్షన్‌లోని బుష్‌లు, లింక్ రాడ్లు, చక్రాల అలైన్‌మెంట్ చూపిస్తే సంక్రాంతి ఊళ్ళ ప్రయాణాల దాకా నిశ్చింత. పెట్రోలు పైపులు కూడా చూపించండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత కార్ల రబ్బరు దానికోసం చేసింది కాదు. పైపు మీద పగులు కనిపించినా, బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన కొట్టినా ఆ రోజే మార్చండి.

ఆటోనగర్లో పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి, మంచి మెకానిక్ ఎవరూ ఏమీ అనుకోరు. ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ నట్టుకి ఉండే చిన్న వాషర్ చూడండి, నొక్కుకుపోయి పల్చబడి ఉంటుంది. "అన్నా, కొత్త వాషర్ వెయ్యి" అనండి, కొద్ది రూపాయల పని, అది లేకే చాలా కార్ల కింద నూనె మరక. తీసిన పాత సామాను మీ చేతికివ్వమనండి, కొత్త సామాను బిల్లుతో కొనండి. ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ అనీ ఇంకేదో అనీ అంటగడుతుంటే, మాన్యువల్లో లేనిది వద్దని సూటిగా చెప్పెయ్యండి.

వీటన్నిటి మధ్యలో నెలకోసారి ఐదు నిమిషాల పని ఉంది, దానికి మెకానిక్ అక్కర్లేదు. ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చెయ్యకముందు, సమంగా ఉన్న చోట బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలిదాకా పెట్టి తియ్యండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. రంగు నల్లబడిందని కంగారొద్దు, డీజిల్లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, చూడాల్సింది మట్టం. నెలనెలా తగ్గుతోందంటే పుస్తకంలో రాసుకోండి, ఎంత తాగుతోందో మెకానిక్‌కి అదే చెబుతుంది. తర్వాత కూలెంట్ డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టాలు చూసి, బండి ముందుకి తీసి కింద నేల మీద చుక్కలున్నాయేమో చూడండి: గోధుమ రంగు, నలుపు అయితే ఆయిల్, పచ్చ లేదా ఎరుపు అయితే కూలెంట్, ఏసీ వేశాక పడే మంచినీళ్ళ చుక్కలైతే ఫర్వాలేదు.

కారుకి 15 ఏళ్ళు నిండబోతుంటే ఆర్సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, తర్వాత ఐదేళ్ళకోసారి అదే పని. గడువు తేదీని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, దానికి ముందు వచ్చే సర్వీసులోనే లైట్లు, బ్రేకులు, టైర్లు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ సరిచూసుకుంటే ఆఖరి వారంలో పరుగులు ఉండవు.