ఫోన్లో గొంతు మారిందా? మాటతీరును బట్టి మానసిక సమస్యను ముందే పసిగట్టడం ఎలా

ఉద్యోగానికో చదువుకో బెంగళూరు వచ్చిన పిల్లల్ని ఇంట్లోవాళ్లు రోజూ చూడలేరు, గొంతు మాత్రమే వినగలరు. మా తమ్ముడు మారతహళ్లి పీజీలో ఉండేవాడు, నేను కడపలో. రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే "తిన్నా" అనేవాడు, నేను నిశ్చింతగా పెట్టేసేదాన్ని. వాడికి డిప్రెషన్ అని తెలిసేసరికి ఐదు నెలలు గడిచిపోయాయి. ఏం చెప్తున్నాడో విన్నాను గానీ ఎలా చెప్తున్నాడో వినలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు చేయాల్సింది పోల్చి చూడడం. పక్కింటి అబ్బాయితో కాదు, ఆరు నెలల కిందటి ఆ మనిషితోనే. పుట్టుకతోనే తక్కువ మాట్లాడేవాళ్లుంటారు, గబగబా మాట్లాడేవాళ్లుంటారు, అది జబ్బు కాదు. వాట్సాప్‌లో వాళ్లు మీకు పంపిన పాత వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి కదా, ఒకటి విని, ఈ వారం వచ్చినదాన్ని వినండి. పండక్కి బస్ టికెట్ దొరికిందని మా తమ్ముడు పంపిన పాత మెసేజ్‌లో నవ్వు, అరుపు, వెనకాల ఫ్రెండ్స్ గోల అన్నీ ఉన్నాయి. తర్వాతి పండక్కి పంపినదాంట్లో "టికెట్... అయింది" అంతే, ఆ రెండు మాటల మధ్య ఎంతో ఖాళీ. దొంగచాటుగా కాల్స్ మాత్రం రికార్డ్ చేయకండి. తెలిసిన రోజు నుంచి మీతో మనసు విప్పి మాట్లాడడు.

డిప్రెషన్‌లో సాధారణంగా మాట నెమ్మదిస్తుంది, జవాబుకు ముందు ఆగడం ఎక్కువవుతుంది, గొంతు చిన్నదై ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా సాగుతుంది. "ఎప్పుడూ ఇంతే", "ఎవరూ లేరు", "ఏదీ కలిసిరాదు" లాంటి తెగేసిన మాటలు పెరుగుతాయి. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో, డిప్రెషన్ ఉన్నవాళ్లు 'నేను, నా, నాకు' అన్న మాటలు ఎక్కువగా వాడతారని తేలింది. మనకు ఆ లెక్క నేరుగా పనికిరాదు, ఎందుకంటే తెలుగులో 'నేను' అనకుండానే "వెళ్లలేను", "చేయలేకపోయాను" అంటాం. కాబట్టి క్రియల చివర వినండి. మా వాడి మాటల్లో "వెళ్తాను", "కొంటాను" పోయి "ఏమో", "చూద్దాంలే" మిగిలాయి. ఇది నేను గమనించింది మాత్రమే, పరిశోధన కాదు, అయినా వినదగ్గదే అనుకుంటున్నా.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేదీ ఒకటుంది, దాన్ని ఇంట్లోవాళ్లు అసలు పట్టించుకోరు. మాట వరదలా వస్తుంది, మధ్యలో ఆపినా ఆగదు, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దూకుతుంది, రాత్రి రెండు గంటలే పడుకున్నా అలసట ఉండదు, ఉన్నట్టుండి లక్షలు పెట్టి వ్యాపారం అంటాడు. హుషారయ్యాడని మనం సంతోషిస్తాం. కానీ అది బైపోలార్ సమస్యలో, అంటే మనసు కొన్నాళ్లు బాగా కుంగి కొన్నాళ్లు అతిగా ఉప్పొంగే జబ్బులో, కనిపించే మేనియా (ఆ ఉప్పొంగే దశ) కావచ్చు.

సైకోసిస్ అంటే ఏది నిజమో ఏది భ్రమో తేడా తెలియకుండా పోయే స్థితి. అది మొదలయ్యేటప్పుడు కొందరిలో మాటకూ మాటకూ లంకె తెగుతుంది. అన్నం గురించి అడిగితే ఆఫీసు గురించి మొదలుపెట్టి, లిఫ్ట్‌లో ఎవరో చూశారని చెప్పి, వాక్యం మధ్యలో ఆగిపోతాడు. 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో సైకోసిస్ ముప్పున్న 34 మంది యువత మాటల్ని కంప్యూటర్‌తో విశ్లేషించారు. తర్వాత జబ్బు వచ్చిన ఐదుగురినీ వాళ్ల మాటల అల్లికను బట్టే వేరుచేయగలిగారు. చాలా చిన్న అధ్యయనం, పైగా ఇంగ్లిష్ మాటల మీద చేసింది. కాబట్టి గొంతు విని జబ్బు చెప్పేస్తాం అనే యాప్‌లను నమ్మి ఆగిపోకండి.

మాట మారడానికి వేరే కారణాలూ ఉంటాయి. వరసగా నైట్ షిఫ్టులు, మద్యం, థైరాయిడ్ హార్మోన్ తగ్గడం. ఉన్నట్టుండి మాట ముద్దగా వస్తే, మూతి ఒక పక్కకు పోతే, అది పక్షవాతం కావచ్చు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మార్పు రెండు వారాలు కొనసాగితే, నిద్ర, తిండి, పని కూడా దెబ్బతింటే అడిగేయండి. "నీకేమైంది, ధైర్యంగా ఉండు" అనొద్దు. "కొన్ని రోజులుగా నీ గొంతు వేరేగా ఉంది నాన్నా, నిద్ర పడుతోందా?" అనండి, జవాబు వచ్చేదాకా ఆగండి. "నేను లేకపోయినా అమ్మను చూసుకో" లాంటి మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, రూమ్మేట్‌ను పక్కన కూర్చోమనండి, ప్రమాదం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి.

మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. దాని నంబర్ 14416 ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. బెంగళూరులో ఉంటే హోసూర్ రోడ్‌లో మానసిక, నరాల జబ్బులకు చికిత్స చేసే ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు జబ్బు పేరు మీరు పెట్టకండి, విన్నది రాసి తీసుకెళ్లండి. "ఎప్పటినుంచి?" అని మమ్మల్ని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే ఇలా రాస్తాను: "ఉగాది దాకా రోజూ అరగంట మాట్లాడేవాడు. తర్వాత రెండు నిమిషాలే. అడిగిన ప్రతిదానికీ ఆగి చెప్తున్నాడు. క్రికెట్ ఊసే లేదు. మూడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందట."