శిఖరం మీద సిగ్నల్ అందేదాకా: 'ఎ షార్ట్ హైక్' ఇలా ఆడి చూడండి

రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టండి. రెండు గంటల లోపే అయిపోయే వీడియో గేమ్, మధ్యలో ఆపకండి. మీ ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. దారి చూపించే వీడియోలు అసలు చూడొద్దు.

2019లో ఆడమ్ రాబిన్సన్-యు చేసిన ఆట ఇది. క్లెయిర్ అనే పక్షిపిల్ల హాక్ పీక్ పార్కులో 'ఆంట్ మే' అనే ఆవిడ దగ్గర ఉంటుంది. ఆవిడ పిన్నో అత్తో ఇంగ్లిష్‌లో తెలీదు. నాకు మాత్రం పిన్నే. క్లెయిర్‌కి ముఖ్యమైన ఫోన్ ఒకటి రావాలి, సిగ్నలేమో కొండ కొసనే. ఎవరి ఫోనో ఆట చెప్పదు.

కొండెక్కడానికి తొందరపడకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. బంగారు ఈక దొరికినప్పుడల్లా గాల్లో ఇంకోసారి ఎగరొచ్చు, బండ మీద ఇంకాస్త పైకి పాకొచ్చు. సరిపడా ఈకలు చేతికి రాగానే పైకి పరిగెత్తాలనిపిస్తుంది. వద్దు. గవ్వలు ఏరండి, చేపలు పట్టండి, ఒడ్డున కర్రతో బంతాట ఆడండి. తన బొమ్మ తనకే నచ్చక చోటు మార్చుకుంటూ తిరిగే చిత్రకారుడు కనబడిన ప్రతిసారీ పలకరించండి. ఫోన్ సంగతి మీరు పూర్తిగా మర్చిపోవాలి. మర్చిపోయారంటే సరిగ్గా ఆడుతున్నట్టే.

ఇక్కడి నుంచి ఆట ముగించినవాళ్లే చదవండి.

పైన మంచులో ఈకలు గడ్డకడతాయి, ఒక్కో అడుగూ కష్టమవుతుంది. కొసకి చేరాక ఫోన్ మోగుతుంది. అమ్మ. ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. ఇంతసేపూ గవ్వలేరుకున్న పిల్ల గుండెల్లో ఏం పెట్టుకుని తిరిగిందో అప్పుడు తెలుస్తుంది. సరదాగా ఆడుకున్నది మనమే, ఆ పిల్లని పట్టించుకోనిదీ మనమే. ఊరట, తప్పు చేశామన్న బాధ ఒకేసారి వస్తాయి. ఏడుపుగొట్టు కథ అని ముందే తెలిసుంటే మనసు గట్టి చేసుకునేవాళ్లం. ఈ ఆట ఆ అవకాశం ఇవ్వదు.

ఈ ముగింపు నన్ను ఇంతగా తాకడానికి ఇంకో కారణం ఉంది. 2018లో నేను బెంగళూరులో ఉండగా కాకినాడలో అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. అయిపోయాకే నాకు ఫోన్ చేసింది. "నువ్వు కంగారుపడతావని చెప్పలేదురా," అంది. ఆ పూట నేను ఆఫీసు వాళ్లతో క్యారమ్స్ ఆడుతున్నా.

అందుకే ఆ సంభాషణని గబగబా నొక్కుకుంటూ పోకండి. ఒక్కో మాటా పైకి చదవండి. తర్వాత కొస మీద వెచ్చని గాలి పైకి లేస్తుంది. అందులోకి దూకి, జంప్ బటన్ వదలకుండా పట్టుకోండి. మార్క్ స్పార్లింగ్ సంగీతం నడుస్తుండగా మీరు తిరిగిన ఒడ్డు, చెట్లు, ఇళ్లు అన్నీ కిందనుంచి సాగిపోతాయి. ఎక్కడా దిగకుండా నేరుగా పిన్ని దగ్గరికి వెళ్లండి.

రెండోసారి చెల్లి చేత ఆడించాను. ఆపరేషన్ రోజు అమ్మ దగ్గరుండి, నాకు చెప్పనని ఒట్టు పెట్టింది తనే. గంటన్నర గవ్వలేరింది, నేను తొందరపెట్టలేదు. కొస మీద ఫోన్ మోగగానే కంట్రోలర్ నా చేతిలో పెట్టేసింది.