ఆంప్ హమ్ కొడుతోందని ఎర్త్ పిన్ను పీకకండి

ఆంప్లిఫయర్ స్పీకర్లలో బొయ్‌మనే మోత (హమ్) పోవాలని త్రీ పిన్ ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను పీకేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు లేచెళ్లి ఆ ప్లగ్గు సాకెట్లోంచి తీసేసి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. తిట్టడానికి చెప్పట్లేదు, నేనూ పీకినవాణ్నే.

శ్రీకాకుళంలో మేం అద్దెకున్న ఇంట్లో, ఒక వానాకాలం, పాత స్టెబిలైజర్ రేకు డబ్బా ఖాళీ చేసి అందులో 7294 ఐసీ (పాట శబ్దాన్ని పెంచే చిప్పు) బోర్డులు రెండు, 24-0-24 ఐదు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి స్టీరియో ఆంప్ కట్టాను. పాట బాగానే వచ్చింది గానీ టీవీకి కలపగానే వెనకాల బొయ్‌మని ఒకటే మోత. ఎర్త్ తీసెయ్, పోతుంది అన్నారెవరో. తీశాను. నిజంగానే పోయింది, అదే కదా తంటా. నెల తిరక్కుండానే మా బావమరిది వానలో తడిసొచ్చి, వాల్యూమ్ తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుని "ఏటి బావా, నీ డబ్బా కరస్తంది" అన్నాడు. విప్పి చూస్తే కరెంటు వైరు లోపలికొచ్చే కన్నం దగ్గర రేకు అంచు రాసుకుని ఇన్సులేషన్ తెగింది, ఫేజ్ తీగ పోగొకటి డబ్బాకి ఆనుకుని ఉంది. కాళ్లకి రబ్బరు చెప్పులుండబట్టి సరిపోయింది.

మనం ఎర్త్ అనీ గ్రౌండ్ అనీ కలిపి పిలిచేవి నిజానికి రెండు. ఒకటి ప్లగ్గు నుంచి డబ్బా రేకుకి వచ్చే పచ్చ తీగ, అది ప్రాణం కోసం. రెండోది బోర్డు మీద సున్నా వోల్టు, పాట తిరిగి వెళ్లే దారి. హమ్ వచ్చేది ఈ రెండోదాని దారి తప్పుగా వేసినందుకు, మనం శిక్షించేది మొదటిదాన్ని.

కరెంటు వైపు నుంచి మొదలుపెడదాం. మూడు కోర్ల వైరే వాడండి, 0.75 లేదా 1 స్క్వేర్ ఎంఎం చాలు. కొత్త వైర్లలో బ్రౌన్ ఫేజ్, బ్లూ న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్త్. పాత వైర్లలో ఎరుపు, నలుపు, పచ్చ. కన్నానికి రబ్బరు గ్రోమెట్ (వైరుకి రేకు అంచు రాసుకోకుండా వేసే రింగు) వేసి, వైరు లాగినా కదలకుండా లోపల క్లాంపు బిగించండి. క్లాంపు బదులు వైరుకి ముడి వేయడం నేనూ చేశాను, అది పద్ధతి కాదు. ఫేజ్ తీగ ముందు ఫ్యూజుకి, తర్వాత స్విచ్చికి, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫార్మర్‌కి. నా ట్రాన్స్‌ఫార్మర్ 240 వీఏ (48 వోల్టులని 5 ఆంపియర్లతో గుణిస్తే), అంటే 230 వోల్టుల వైపు ఫుల్ లోడులో ఆంపియరు పైచిలుకు లాగుతుంది, దానికి 2 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు వేశాను. మామూలు ఫాస్ట్ ఫ్యూజు వేస్తే స్విచ్ వేసిన క్షణం లాగే కరెంటుకే ఎగిరిపోతుంటుంది, అప్పుడు విసుగొచ్చి రాగి తీగ చుట్టేస్తాం, ఆ పని మాత్రం వద్దు. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు ఉండాలి. చాలా ఇళ్లలో ఇది తిరగబడి ఉంటుంది కాబట్టి టెస్టర్ పెట్టి చూసుకోండి, లేదా ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ స్విచ్చి వేస్తే స్విచ్చి వరకైనా ఆ బెంగ ఉండదు.

పచ్చ తీగకి విడిగా ఒక బోల్టు పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టుకే దాన్ని కూడా తగిలించేయకండి, రేపు ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు మర్చిపోతారు. రేకు మీద పెయింటు ఇసుక కాగితంతో మెరిసేదాకా గీకి, తీగ చివర లగ్గు (బోల్టు దూరే కన్నమున్న లోహపు ముక్క) వేసి, పళ్ల వాషర్, నట్టు, దాని మీద ఇంకో నట్టు బిగించండి. ఈ తీగ మిగతా రెండింటికంటే నాలుగు వేళ్లు పొడుగు ఉంచాలి, వైరు ఎవరైనా లాగేస్తే ఆఖరున తెగేది అదే కావాలి. అయ్యాక మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి డబ్బా మూత దాకా కొలవండి, అర ఓమ్ లోపు రావాలి. మూత స్క్రూల కింద పెయింటు ఉంటే మూతకి ఎర్త్ చేరదు, ఇది చాలామంది చూసుకోరు. ఆ తర్వాత స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్గు మాత్రం సాకెట్లో పెట్టకుండా, ఫేజ్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య పెద్ద రేంజిలో కొలవండి, మీటరు సున్నా వైపు రాకూడదు, దేనికీ కలపనప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి.

ఇంతా చేసి గోడలో ఎర్తే లేకపోతే? అద్దె ఇళ్లలో సాకెట్‌కి మూడు కన్నాలుంటాయి గానీ పై కన్నం వెనకాల తీగ ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఎలక్ట్రీషియన్లు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూస్తారు. మీరు మాత్రం చేయకండి, ఎర్త్ ఎక్కడో తెగి ఉంటే ఆ బల్బు గుండా ఇంట్లో ఫ్రిజ్ నుంచి గ్రైండర్ దాకా అన్నిటి బాడీలకీ కరెంటు ఎక్కుతుంది. పిలిచి చేయించుకోండి. ఎర్త్ ఉన్నా ఎండాకాలం ఆ తీగ దించిన గుంట ఎండిపోతే పని చేయదు, మన సముద్రపు వైపు ఇసక నేలల్లో మరీను. వేసవిలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయండి. ఒక లెక్క చూడండి: గుంట రెసిస్టెన్స్ పది ఓములుంటే ఫేజ్ డబ్బాకి తగిలినప్పుడు పారేది 23 ఆంపియర్లు. ఆంప్‌లోని 2 ఆంపియర్ల ఫ్యూజు దానికి ఠక్కున పోతుంది, కానీ నా డబ్బాలో లాగ వైరు తెగింది ఫ్యూజుకి ముందైతే ఆ ఫ్యూజు చేయగలిగిందేమీ లేదు, మీటరు దగ్గరి ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి) కూడా వెంటనే పడకపోవచ్చు. అందుకే మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం ఎర్త్‌లోకి కారినా వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. ఆంప్‌కి పెట్టే ఖర్చులో మొదటిది అదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు లోపలి గ్రౌండ్. శ్రీకాకుళం వాళ్లకి ఇది చెప్పడం తేలిక, మనకి ఏడు రోడ్ల జంక్షన్ ఉంది. అన్ని దారులూ ఒకే చోట కలవాలి, అక్కణ్నుంచి ఎవరి దారి వారిది. ఒక బోర్డు గ్రౌండ్ నుంచి ఇంకో బోర్డుకి, దాన్నుంచి స్పీకర్‌కి, దాన్నుంచి ఇన్‌పుట్‌కి అని గొలుసు కట్టకూడదు. అయితే అందరూ చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది, అసలు కిటుకు దీని తర్వాత ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (24-0-24లో మధ్య సున్నా తీగ) నుంచి రెండు పెద్ద కండెన్సర్ల మధ్య కలిసే చోటిదాకా ఉండే తీగలో సెకనుకి వందసార్లు పెద్ద పెద్ద కరెంటు దెబ్బలు నడుస్తుంటాయి. అవి లారీలు. లారీలు హైవే మీదే వెళ్లిపోవాలి, ఊళ్లోకి రాకూడదు. కాబట్టి సెంటర్ ట్యాప్‌ని తిన్నగా కండెన్సర్ల మధ్యకి కలిపేసి, అక్కణ్నుంచి ఒక పొట్టి లావు తీగ తీసుకెళ్లి, దాని చివర మీ జంక్షన్ పెట్టుకోండి. రెండు బోర్డుల గ్రౌండ్లూ, రెండు స్పీకర్ల మైనస్సులూ ఆ జంక్షన్‌కే. నేను మొదటిసారి ఇన్‌పుట్ వైరు షీల్డుని (లోపలి తీగ చుట్టూ ఉండే తీగల తొడుగుని) సెంటర్ ట్యాప్ దగ్గరే సోల్డర్ చేశాను, వాల్యూమ్ సున్నాలో పెట్టినా జీ అని చెవి కోసే మోత వచ్చేది. తీగని రెండంగుళాలు జరిపితే ఆగిపోయింది.

వెనక పాట వైర్లు గుచ్చే ఆర్‌సీఏ సాకెట్లు రేకుకి తగలకూడదు, ప్లాస్టిక్ బుష్షులున్నవి కొనండి. ఇన్‌పుట్‌కి షీల్డ్ వైరు, అది కరెంటు వైర్లకి దూరంగా. దాటాల్సొస్తే అడ్డంగా దాటాలి గానీ పక్కపక్కనే నడవకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే జంట వైర్లు మెలేసుకోండి. టొరాయిడల్ (గారెలా గుండ్రంగా ఉండే ట్రాన్స్‌ఫార్మర్) వాడేవాళ్లకి ఒక్క మాట: మధ్య బోల్టు పై చివర మూత రేకుకి తగలకుండా చూసుకోండి, తగిలితే అదొక షార్టయిన చుట్టులాగ పని చేసి ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఆ జంక్షన్‌నీ డబ్బా ఎర్త్ బోల్టునీ కలపాలా అంటే కలపాలి, ఒక్క చోట. తిన్నగా కలిపినప్పుడు హమ్ రాకపోతే అలాగే వదిలేయండి. వస్తే, ఆ రెండింటి మధ్య 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, దానికి పక్కగా 35 ఆంపియర్ల బ్రిడ్జి (నాలుగు డయోడ్లు కలిపిన ముక్క) ఒకటి వేయండి. బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్లు రెండూ కలిపేసి, ఏసీ కాళ్లలో ఒకటి జంక్షన్‌కి, ఇంకోటి ఎర్త్ బోల్టుకి. హమ్ మోసే చిన్న వోల్టేజీకి బ్రిడ్జి తెరుచుకోదు, రెసిస్టర్ దాన్ని అడ్డుకుంటుంది. నిజంగా ఫేజ్ వచ్చి పడితే బ్రిడ్జి తెరుచుకుని మొత్తం ఎర్త్‌లోకి తోసేస్తుంది. గుర్తుంచుకోండి, ఇది జంక్షన్‌కీ డబ్బాకీ మధ్య. డబ్బాకీ పచ్చ తీగకీ మధ్య ఏమీ ఉండకూడదు, స్విచ్చి కూడా. న్యూట్రల్‌ని డబ్బాకి కలిపి ఎర్త్ అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగినా, ప్లగ్గు తిరగబడినా డబ్బా మొత్తం ఫేజే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఫేజ్‌కి సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. ఒక్కసారి వెలిగి మసకబారితే బాగున్నట్టు, వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్టు. కండెన్సర్ల మీద 34 వోల్టుల దాకా ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా. ఒక్కోదానికి 2.2 కిలో ఓమ్‌ల 1 వాట్ రెసిస్టర్ అడ్డంగా సోల్డర్ చేసేస్తే రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి మెరుపులు చూడడం ఆపేయండి.

ఇంకా హమ్ ఉంటే ఇన్‌పుట్ వైర్లన్నీ పీకి వినండి. పోయిందా, తప్పు బయట ఉంది. మా ఇంట్లో అదే. టీవీకి వచ్చే కేబుల్ వైరు వీధి చివర ఎక్కడో ఎర్త్ అయి ఉంది, ఆంప్ మా ఇంటి గుంటకి, రెండింటి మధ్య ఆర్‌సీఏ వైరు షీల్డు వంతెనలాగ పని చేస్తోంది. టీవీ వెనక కేబుల్ పిన్ను లాగగానే నిశ్శబ్దం. టీవీకీ ఆంప్‌కీ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల చిన్న డబ్బా ఒకటి పెట్టాను, అంతటితో తీరిపోయింది.

బొబ్బిలి వీణకి పికప్ (కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే బిళ్ల) అంటించి ఇలాంటి ఆంప్‌లో వాయించేవాళ్లు మాత్రం హమ్ వచ్చినప్పుడు ముందు పికప్ వైరు మార్చి చూడండి, పీజో పికప్‌కి షీల్డు లేని వైరు వేస్తే ఎర్తింగ్ ఎంత బాగున్నా మోత తప్పదు. చవితి పందిళ్లకి పట్టుకెళ్లేవాళ్లయితే అక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూడకుండా మీ ప్లగ్గు పెట్టకండి. పైకి మూడు కన్నాల సాకెట్లే, కిందనుంచి వచ్చేది రెండు కోర్ల వైరు, అలాంటివి నా చేతులతో నేనే మూడు విప్పాను. నేనిప్పుడు సొంత మూడు కోర్ల బోర్డు ఒకటి చేసుకుని సంచిలో వేసుకెళ్తున్నాను, దాని ప్లగ్గుకి బావమరిదే ఎర్ర టేపు చుట్టాడు.