విదేశీ విత్తనాలు ఆన్‌లైన్‌లో కొనే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో పెరటి తోటలు పెంచుకునే మనవాళ్లు ఆన్‌లైన్‌లో విదేశీ పూల విత్తనాలు కొనే ముందు, అవి ఏ దేశం నుంచి బయలుదేరుతున్నాయో తప్పక చూసుకోవాలి. ధర రూపాయల్లో ఉన్నంత మాత్రాన సరుకు మన దేశంలోనిదని అనుకోకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ (బయటి పురుగులు, తెగుళ్లు, కలుపు దేశంలోకి రాకుండా చేసే కట్టడి) ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి విత్తనాలు తెప్పించుకోవాలంటే ముందుగా దిగుమతి అనుమతిపత్రం తీసుకోవాలి. పంపే దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కూడా ఉండాలి.

నాకు ఒకసారి అలాంటి పొట్లం వచ్చింది. చిన్న జిప్ కవరులో ఆవగింజలంత నల్లని గింజలున్నాయి గాని, రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ ఏవీ లేవు. ఇలాంటివి వస్తే విత్తవద్దు, పెంటకుప్పలో పారవేయవద్దు. కవరుతో సహా మూసి వ్యవసాయ అధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రానికి గాని అప్పగించండి. మన గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపుమొక్క దిగుమతి గోధుమలతో వచ్చిందనే చెబుతారు. దాన్ని పీకి పీకి చేతులు దద్దుర్లెక్కిన రైతులకు ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. అనుమతుల వివరాలకు మనకు విశాఖపట్నంలోని మొక్కల క్వారంటైన్ కేంద్రం ఉంది.