ప్రాంగణంలో పక్షులకు చోటు – 4వ పాఠం: అద్దాల లెక్క

మూడో పాఠంలో మీ విశ్వవిద్యాలయంలోని చెట్లు, పొదలు, నీటి గుంటలతో గీసిన పటాన్ని ముందు పెట్టుకోండి. ఈ వారం దాని మీద భవనాల కిటికీ, గోడ అద్దాలను గుర్తిస్తారు. గూటిపెట్టెలు ఎప్పుడు చేద్దామని చాలామందికి తొందరగా ఉంటుందని తెలుసు. కానీ పక్షులను పిలిచే ముందు అవి దేనికి తగిలి చనిపోతున్నాయో తెలుసుకోవాలి. పూలమొక్కలు పెంచి, వాటి ఎదురుగా నిలువెత్తు అద్దం వదిలేస్తే మనమే ఉచ్చు పన్నినట్టవుతుంది.

అద్దం అడ్డుగా ఉందని పక్షికి తెలియదు. అందులో ప్రతిబింబించే కొమ్మ దానికి నిజమైన కొమ్మే. భవనాలను కలిపే అద్దాల వంతెనలోంచి అవతలి చెట్టు కనిపిస్తే, దారి ఉందనుకుని నేరుగా దూసుకొస్తుంది. ప్రమాదమంతా ఎత్తైన భవనాలతోనే అని అనుకోకండి. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు ఇలా చనిపోతున్నాయని 2014లో వచ్చిన అంచనా చెబుతోంది. అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం లోపే. చెట్ల ఎత్తులో ఉండే మామూలు భవనాల అద్దాలనే ముందు చూడండి.

ఇక నడక. నాలుగైదు భవనాలు ఎంచుకుని, ఊడ్చేవారు రాకముందే గోడ పొడవునా, దాని నుంచి రెండు మీటర్ల దూరం వరకు, అద్దానికి తగిలి పడిన పక్షుల కోసం వెతకండి. కుండీల వెనుక, మెట్ల కింద, పొదల మొదళ్లలో కూడా చూడాలి. రోజూ అదే దారి, అదే వేళ. ఏమీ దొరకని రోజు సున్నా వేయండి. ఆ సున్నా లేకపోతే మీ లెక్కకు విలువ ఉండదు. దొరికితే తేదీ, భవనం, ఏ దిక్కు గోడ, ఎదురుగా ఏముంది అన్నది రాసి ఫొటో తీయండి. పిల్లులు, కాకులు మీకంటే ముందే వచ్చి వెళ్తాయి కాబట్టి మీకు దొరికేది అసలు సంఖ్య కంటే తక్కువే. ఊడ్చేవారితో మాట్లాడండి. ఏ గోడ దగ్గర తరచూ పిట్టలు పడతాయో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

తల ఎత్తి అద్దాన్నీ చూడండి. ఒక ఉదయం గ్రంథాలయపు అద్దం మీద గువ్వ అచ్చు చూశాను. విచ్చుకున్న రెండు రెక్కలు, పక్కకు తిరిగిన తల, ఛాతీ ఈకల గీతలు కూడా తెల్లటి పొడిలో స్పష్టంగా ఉన్నాయి. కింద పక్షి లేదు. గువ్వల ఈకలకుండే సన్నని పొడి అలా అంటుకుంటుంది. అచ్చు దొరికితే అదీ లెక్కలోకే వస్తుంది. ఎగిరిపోయినంత మాత్రాన పక్షి బతికిందని చెప్పలేం. లోపలి రక్తస్రావంతో తర్వాత చనిపోయేవీ ఉంటాయి.

ప్రాణంతో పడి ఉంటే మెల్లగా పట్టుకుని, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ మీద ఉంచి మూత వేయండి. చీకటి, నిశ్శబ్దం దానికి మందు. నీళ్లు పోయకండి, ఏమీ తినిపించకండి, మాటిమాటికీ మూత తీసి చూడకండి. గంట, రెండు గంటల తర్వాత అద్దాలకు దూరంగా పెట్టె తెరవండి. గాలిలోకి విసరొద్దు. ఎగరలేకపోతే వన్యప్రాణి వైద్యులకు అప్పగించండి.

పరిష్కారం కష్టమైనది కాదు. కానీ పక్షులను భయపెట్టాలని డేగ బొమ్మ ఒక్కటి అంటిస్తే చాలదు, పక్షి దాని పక్కనుంచి వచ్చి తగులుతుంది. అద్దమంతటా చుక్కలో గీతలో ఉండాలి, వాటి మధ్య ఎడం 5 సెంటీమీటర్లు మించకూడదు, అవి బయటి వైపే ఉండాలి. లోపల అంటిస్తే ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది. షికాగోలోని మెకార్మిక్ ప్లేస్ సమావేశ భవనం దగ్గర 2023 అక్టోబరులో ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి వలస పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది అద్దాల మీద చుక్కల పొర వేశాక మరణాలు బాగా తగ్గాయి. వలస కాలంలో రాత్రి అనవసరమైన దీపాలు ఆర్పడం కూడా అవసరం.

ఐదో పాఠానికి కనీసం పది రోజుల లెక్క సిద్ధం చేసుకోండి, సున్నాలతో సహా. దాన్ని పెట్టుకుని భవనాల నిర్వహణ విభాగానికి వినతిపత్రం రాద్దాం. మొత్తం ప్రాంగణం గురించి అడగం. మీ పట్టికలో ఎక్కువ పక్షులు పడిన ఒక్క గోడ గురించే అడుగుతాం.