పండు ఈగల రెక్కల కొలతలు చివరికి ఎలా కుదిరాయి: నా అనుభవం

డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే పండు ఈగలు చల్లని చోట పెరిగితే పెద్దవవుతాయి. నా కొలతల్లో మాత్రం 18, 25 డిగ్రీల ఈగల రెక్కల మధ్య తేడా ఒక్కో విడతకు ఒక్కోలా వచ్చేది. సూక్ష్మదర్శిని స్కేలు సరిచూశాను, ఇంక్యుబేటర్ (ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే పెట్టె) మార్చాను, మరిన్ని రెక్కలు కొలిచాను, ఫలితం లేదు.

లోపం ఈగలను పెంచే సీసాల్లో ఉంది. తల్లి ఈగలను నేరుగా సీసాల్లోనే గుడ్లు పెట్టనిచ్చాను. వెచ్చని సీసాల్లో గుడ్లు ఎక్కువ పడ్డాయి. ఇరుకులో, చాలీచాలని తిండితో పెరిగిన లార్వాలు (గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులు) చిన్న ఈగలవుతాయి. అంటే నేను ఇన్నాళ్లూ ఉష్ణోగ్రతతో పాటు ఆకలిని కూడా కొలిచాను!

ఈసారి తల్లులన్నిటినీ 25 డిగ్రీల వద్దే ఉంచి, ద్రాక్షరసం కలిపిన అగార్ (జెల్లీలాంటి పదార్థం) పళ్లెంపై నాలుగు గంటలు గుడ్లు పెట్టించాను. మరునాడు, గుడ్ల నుంచి అప్పుడే బయటపడిన లార్వాలను సన్నని కుంచెతో ఏరి, సీసాకు సరిగ్గా 40 చొప్పున వేశాను. ఓపిక కావాలి, కానీ అసలు మలుపు ఇదే. ఆ తర్వాతే చీటీలు తీసి సీసాలను రెండు ఉష్ణోగ్రతలకు పంచాను. వెచ్చని వాటిలో సుమారు 10 రోజులకు, చల్లని వాటిలో దాదాపు 20 రోజులకు ఈగలు వచ్చాయి. ఆడ ఈగల ఎడమ రెక్కలను మాత్రమే, ఏ సీసావో చూడకుండా కొలిచాను. మూడు విడతల్లోనూ తేడా నిలకడగా వచ్చింది.

నేను కొలిచింది ఒకే వంశం ఈగల రెక్కలనే. మీ ఆహారం పాళ్లు వేరైతే 40 అన్న సంఖ్య కూడా మారవచ్చు.